ఆరెంజ్ స్టేట్ గారికి ఒక బెజవాడ బాధితుడి బహిరంగ లేఖ

ఆరెంజ్ స్టేట్ గారికి,

సత్యనారాయణపురం నుంచి నమస్కారాలు. మీరెవరో తెలియని అదృష్టవంతుల కోసం ముందు పరిచయం చేస్తాను. బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే ఫోన్‌ని నిద్ర లేపే చిన్న ప్రోగ్రామ్, దాని తాళం తీసిన కొన్ని ఫోన్లలో, ఆన్ చేసిన ప్రతిసారీ, కంపెనీ బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ఈ ఫోన్ తాళం తీసేశారు, దీన్ని నమ్మడానికి లేదు, 5 సెకన్లలో ఆన్ అవుతుంది" అని ఇంగ్లీషులో చెప్పే పెద్దమనిషి మీరే. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లని వీధి మొగలో ఆపి "కుర్రాడు అంత మంచివాడు కాదండీ, సరే మీ ఇష్టం, లోపలికెళ్లండి" అనే పక్కింటాయన ఒకాయన ఉంటాడు చూడండి, అచ్చం ఆ టైపు.

నా డబ్బు పెట్టి కొన్న ఫోన్‌ని నమ్మొద్దని నాకే చెప్పడానికి మీరెవరండీ అని మొదట్లో నాకు పౌరుషం వచ్చిన మాట నిజం. కొన్న రోజే లోపల తిష్ట వేసుకుని కూర్చున్న, తీద్దామన్నా పోని యాప్‌లని మాత్రం మీరు నమ్ముతారు. రూట్ అంటే ఏముంది, ఫోన్ మీద పూర్తి అధికారం, సొంతింట్లో గోడకి మేకు కొట్టుకోవడానికి పర్మిషన్, అంతే కదా అనుకున్నాను. దానికి ముందు ఆ తాళం తీయాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వచ్చాయి, అందులో తాళం తీయడానికి ఒప్పుకునే ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, అక్కణ్ణుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఫాస్ట్‌బూట్‌లో తాళం తీసే కమాండ్ కొట్టాను. లోపలున్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని ఫోన్ అడిగింది. లోన్ కాగితాల మీద సంతకం పెట్టినంత శ్రద్ధగా చదివి, సరే నొక్కాను.

అంతా పోయింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి పద్మావతి ఘాట్‌లో తడి చీరతోనే నవ్వుతూ అమ్మ తీయించుకున్న ఫొటోలతో సహా. ఇది దొంగల కోసం పెట్టిన ఏర్పాటట, ఫోన్ కొట్టేసినవాడు తాళం తీసినా మన ఫొటోలు వాడి కంట పడకూడదని. మంచి ఆలోచనే, కాదనను.

మా బాబాయి కొడుకు ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పుతాడు, వాడికి ఈ గోలేం తెలియదు గానీ ఒక మాట చెప్పాడు: "అన్నయ్యా, ఏది విప్పినా పాత నట్లు ఒక డబ్బాలో వేసుకో." ఆ మాట విని, మా మోడల్‌కి, అదే బిల్డ్‌కి సరిపోయే ఫర్మ్‌వేర్, అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ మూట, దింపి, అందులో ఫోన్‌ని లేపే ఫైలైన బూట్ ఇమేజ్‌ని ల్యాప్‌టాప్‌లో దాచి, దాని కాపీని రూట్ ఇచ్చే మ్యాజిస్క్ అనే యాప్‌తో ప్యాచ్ చేసి ఫ్లాష్ చేశాను, అంటే ఫోన్‌లోకి ఎక్కించాను. జన్మలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

అక్కడితో ఆగుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. రూట్ చేయగానే స్పీడు పెరుగుతుందనుకున్నాను, పెరగదండీ. ప్రాసెసర్ హద్దు దాటాలంటే ఆ హద్దు పెంచిన కెర్నల్, అంటే బూట్ ఇమేజ్‌లో ఉండే సిస్టమ్ గుండెకాయ, వేరే వేయాలి, అదీ సరిగ్గా మన మోడల్‌దే. వేశాను. ఒక మెట్టు పెంచడం, అరగంట గట్టిగా వాడి చూడటం, వేడి చూసుకోవడం, బాగుంటే తర్వాతి మెట్టు, ఇదీ పద్ధతి. నేను ఇంద్రకీలాద్రి మెట్లు కూడా రెండేసి ఎక్కే రకం. 1.5 గిగాహెర్ట్జ్ నుంచి తిన్నగా 1.8. పైగా ఎప్పుడెంత వేగమో తేల్చే గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌లో పెట్టాను, అంటే జేబులో ఊరికే పడున్నా ఫోన్ పరుగే. పైగా స్పీడు మార్చే యాప్‌లో 'ఆన్ అయిన ప్రతిసారీ ఇదే అమలు చెయ్యి' అన్న చోట టిక్కు. పైగా మే నెల. పైగా ఊరు బెజవాడ.

స్పీడు పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ రెట్టింపైతే కరెంటు ఖర్చు నాలుగింతలు, ఆ ఖర్చంతా చివరికి వేడే. బయట 44 డిగ్రీలున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో, ఆ వేడి ఎక్కడికి పోతుంది? నా తొడకి పోయింది. చిప్ కూడా భయపడి తన వేగం తనే తగ్గించుకునేది, దాంతో 1.8 ఫోన్ కాస్తా పాత 1.5 కంటే నెమ్మదిగా నడిచేది.

మూడో రోజు రాత్రి ఆగిపోయింది. మళ్లీ దానంతటదే ఆన్ అవుతుంది, హోమ్ స్క్రీన్ వస్తుంది, ఆ టిక్కు పుణ్యమా అని 1.8కి ఎగురుతుంది, టప్పుమని పోతుంది, మళ్లీ మొదలు. చుట్టుకి ఒకసారి మీ దర్శనం. నమ్మడానికి లేదు, 5 సెకన్లు. నమ్మడానికి లేదు, 5 సెకన్లు. ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకాన్ని ఇన్నిసార్లు చదివుంటే వోల్టేజీ సంగతి ముందే తెలిసేది. తెల్లవారుజామున డబ్బాలో నట్లు గుర్తొచ్చాయి. దాచిన బూట్ ఇమేజ్ ఫ్లాష్ చేస్తే కెర్నల్ పోయింది, రూట్ పోయింది, ఆ స్పీడు యాప్ చేతులు పడిపోయాయి, ఫోన్ బతికింది.

మీరు మాత్రం పోలేదు. తాళం ఇంకా తీసే ఉంది కాబట్టి ఫోన్ నమ్మదగ్గదేనా అని గూగుల్ పెట్టే ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో ఫెయిలైపోయి, పునుగుల బండి దగ్గర సగం ప్లేటు తిన్నాక, పేమెంటు యాప్ "ఈ ఫోన్‌లో పనిచేయను" అంది. బండాయన నా మొహం చూసిన చూపు కంటే మీరే నయం. తాళం మళ్లీ వేద్దామంటే లోపల ప్రతి ముక్కా కంపెనీదే ఉండాలి, లేకపోతే ఫోన్ ఇటుకైపోతుందని భయం.

నాదొకటే ఫిర్యాదు. మీ 5 సెకన్లు వచ్చే చోట తేడా ఉందండీ. అంతా అయిపోయాక రోజూ 5 సెకన్లు సాధించే బదులు, ఆ రోజు సరే నొక్కబోయే వేలిని ఒక్క 5 సెకన్లు పట్టుకోకూడదూ?

ఇప్పుడా ఫోన్ పాత 1.5కే దిగి, చల్లగా, వంటింట్లో అమ్మకి భక్తి పాటలు వినిపిస్తోంది. పొద్దున్నే ఆన్ చేసి "ఏమంటున్నాడ్రా వీడు రోజూ?" అని అడుగుతుంది. శుభోదయం అంటున్నాడమ్మా అని చెప్పాను. ఫొటోలు 2028 పుష్కరాలకి మళ్లీ తీస్తాలేమ్మా అన్నాను.

"నువ్వొద్దులే, స్టూడియో అబ్బాయిని పిలుస్తా" అంది.

ఇట్లు,
తాళం తీసినవాడు