అచ్చు గుడ్డకు కలంకారీ కిరీటమా?

తిరుపతిలో మొన్న ముగిసిన ఓ ఫ్యాషన్ డిజైన్ పోటీలో సినిమా రౌండ్ మొదటి బహుమతి చూసి, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మండిపడుతున్నారంటే తప్పు వారిది కాదు. పౌరాణిక చిత్రంలోని రాణి వేషాన్ని అనుసరించి కుట్టిన లంగా ఓణీని 'శ్రీకాళహస్తి కలంకారీ' అని మైకులో చాటారు. గుడ్డ చూస్తే మీటర్ల లెక్కన దొరికే యంత్రపు అచ్చు. న్యాయనిర్ణేతలు చేతిపనుల వైభవం గురించి ప్రసంగించి మరీ దానికి కిరీటం పెట్టారు.

తేడా పట్టడానికి పాండిత్యం అక్కర్లేదు, అంచు తిరగేస్తే చాలు. ఆ లంగా మీది నెమలి ప్రతి జానెడుకూ తిరిగొచ్చింది, ముక్కు వంపులో వెంట్రుకవాసి మార్పు లేకుండా. వెనకవైపు గుడ్డ దాదాపు తెల్లగానే ఉంది. వెదురు కలంతో గీసిన ఏ రెండు నెమళ్లూ ఒక్కలా ఉండవు. గీత మొదట్లో లావుగా ఉండి, కలానికి చుట్టిన ఉన్నిలో రంగు తగ్గేకొద్దీ సన్నబడుతుంది. రంగు నూలులోకి ఇంకి వెనక్కీ కనబడుతుంది.

అసలు పని ఏమిటో నిర్వాహకులు ఒక్కసారైనా కాళహస్తి వెళ్లి చూడాల్సింది. గంజి పోయేదాకా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. పాలు పలచనైతే గీత అలుక్కుపోతుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకున్నాక దాని మీద కసీం, అంటే నల్ల గీతకు వాడే ద్రవం, పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరితే గానీ ఆ కసీం తయారు కాదు. కరక్కాయ వగరు తగిలాకే అది నల్లబడుతుంది. అందులో ఇనుము మోతాదు మించిందా, కొన్నేళ్లకు గీత వెంబడే గుడ్డ చివికిపోతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్ది, ఆరాక పారే నీటిలో జాడించాలి. నిలవ నీటిలో ముంచితే వదిలిన పటిక పక్కల అంటుకుని, ఎరుపునిచ్చే వేళ్లయిన చిరువేరు, మంజిష్ఠల రంగులో ఉడికించేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఎర్ర మరకలు తేలతాయి. ఆ తర్వాత పసుపుకు కరక్కపువ్వు, నీలానికి నీలిమందు. స్వర్ణముఖి ఎండిన నెలల్లో ఆ పారే నీటి కోసం పనివారు పడే పాట్లు చెప్పనలవి కావు.

ఇంత పనికి పోటీ ఇచ్చిన గడువు రెండు రోజులు! 2004లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ రన్‌వే అనే టీవీ ఫ్యాషన్ పోటీ నుంచి ఈ తక్కువ గడువుల పద్ధతి అందరికీ పాకింది. అక్కడ పోటీదారులు దుకాణంలో గుడ్డ కొనుక్కొచ్చి, కత్తిరింపులో, కుట్టులో నేర్పు చూపిస్తారు. ఆ గడువు దర్జీ పనికి సరిపోతుంది. అదే గడువు పెట్టి కలంకారీకి ప్రత్యేక మార్కులు కేటాయిస్తే, పిల్లలు అచ్చు గుడ్డ కొనక ఏం చేస్తారు? అబద్ధాన్ని నిబంధనల్లోనే రాసిపెట్టారు.

విద్యార్థుల దగ్గర డబ్బుండదు, సినిమా పేరు పెడితేనే జనం వస్తారు అని నిర్వాహకులంటున్నారు. నిజమే కావచ్చు. అచ్చు గుడ్డ కట్టుకోవడం నేరమని ఎవరూ అనడం లేదు. దాన్ని అచ్చు గుడ్డ అనే చెప్పండి. సినిమా వేషం కెమెరా కోసం పుడుతుంది. ఆ వెలుగులో ఏ గుడ్డ ఎలా కనబడాలన్నదే దాని లెక్క. పోరాట దృశ్యాల కోసం ఒకే దుస్తులకు నాలుగైదు జతలు కుట్టించడమూ మామూలే. తెర మీద అచ్చు గుడ్డ వాడినా ఎవరినీ మోసం చేసినట్టు కాదు, అది ఫలానా ఊరి పని అని తెర చెప్పదు గనక. పోటీ వేదిక చెప్పింది. మచిలీపట్నం దగ్గరి పెడన చెక్క అచ్చుల కలంకారీకీ దాని గౌరవం దానికుంది, మచిలీపట్నం పేరుతో వేరే భౌగోళిక గుర్తింపూ (ఫలానా చోటి పనికే ఆ పేరు చెల్లేలా చట్టం ఇచ్చే రక్షణ) ఉంది. ఇక్కడ ఆ పేరూ చెప్పలేదు, ఆ పనీ లేదు.

మా భయం రేపటి గురించి. ఈ బహుమతి నిలిస్తే వచ్చే ఏడాది పోటీలకు ఇదే కొలబద్ద అవుతుంది. తిరుపతి గాంధీ రోడ్డు దుకాణాల్లో సినిమా పేరుతో వేలాడే చీరకు కాళహస్తి పేరూ తగిలిస్తారు. వేదిక మీద అన్న మాటను చట్టం పట్టుకోకపోవచ్చు గానీ, ఆ తప్పుడు పేరుతో అమ్మితే 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. అమ్మేవారికి ధైర్యమిచ్చింది మాత్రం ఇలాంటి వేదికలే అవుతాయి. 1950లలో చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టుకున్న విద్య ఇది. 2008లో కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి పద్మశ్రీ తెచ్చిన విద్య. దాని పేరును మైకు పట్టుకున్నవారు ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టడానికి వీల్లేదు.

కలంకారీ రౌండ్ పెట్టదలిస్తే రెండు నెలల ముందే అంశం చెప్పండి. గుడ్డ వేసినవారి పేరు డిజైనర్ పేరు పక్కనే ప్రకటించండి. న్యాయనిర్ణేతల్లో కలం పట్టినవారు ఒకరైనా ఉండాలి. ఆ దుస్తుల వర్ణనలోంచి 'శ్రీకాళహస్తి' పేరును ఈ వారంలోనే తొలగించి బహిరంగంగా ప్రకటించండి. అంచు తిరగేసి చూడటానికి కూడా బద్ధకించిన న్యాయనిర్ణేతలను మళ్లీ ఆ కుర్చీల్లో కూర్చోబెట్టకండి.