అలా తీసేశారు, ఇలా తీసుకున్నారు

ఉద్యోగం పోగొట్టుకోవడం కూడా ఒక విద్యే. మనలో చాలామందికి అది సరిగా రాలేదు. పోయిన ఉద్యోగాన్ని తలుచుకుని కుమిలిపోతాం, చుట్టాలకి తెలియకుండా జాగ్రత్తపడతాం, రెజ్యూమెలో ఖాళీగా మిగిలిన నెలల్ని "కుటుంబ బాధ్యతలు" అని పూడుస్తాం. ఈ వెనకబాటుతనం పోవాలంటే 2023 నవంబర్ 17 శుక్రవారం నుంచి 21 మంగళవారం రాత్రి దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం జరిగిందో శ్రద్ధగా చదువుకోవాలి.

ఆ శుక్రవారం, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ సీఈవో శామ్ ఆల్ట్‌మన్ గారు లాస్ వేగస్‌లో ఉన్నారు. అక్కడ ఫార్ములా వన్ రేసులు. మధ్యాహ్నం వీడియో కాల్‌లోకి రమ్మని కంపెనీ చీఫ్ సైంటిస్ట్ ఇల్యా సుట్స్‌కెవర్ పిలిచారు. ఈయన వెళ్లారు. తీసేశామని చెప్పారు. అంతే. శుక్రవారం మధ్యాహ్నం తీసెయ్యడం హెచ్చార్ శాస్త్రంలో పాత సూత్రమే. ఏడవడానికి రెండు రోజులు సెలవు దొరుకుతుంది, సోమవారానికి ఆఫీసు యథాప్రకారం నడుస్తుంది. కాకపోతే ఈ ప్రకటనని స్టాక్ మార్కెట్ ఇంకా మూయకముందే వదిలారు. ఓపెన్‌ఏఐలో పెద్ద పెట్టుబడి ఉన్న మైక్రోసాఫ్ట్ షేరు ఆ రోజు 1.7 శాతం పడింది.

కారణం ఏం చెప్పారంటే, ఆయన బోర్డుతో మాట్లాడేటప్పుడు అన్నివేళలా దాపరికం లేకుండా ఉండటం లేదట. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. అబద్ధాలకోరు అనలేదు. అప్పుడప్పుడు నిజమే చెబుతారన్న మెచ్చుకోలు కూడా అందులో ఉంది. ఈ కొలబద్దతో కొలవడం మొదలుపెడితే ప్రపంచంలో ఏ మేనేజరూ, ఏ అల్లుడూ, ఏ రియల్ ఎస్టేట్ ఏజెంటూ సోమవారం దాకా నిలవరు.

దాపరికం ఆ కంపెనీలో ఒక్కరి సొత్తు కాదులెండి. చాట్‌జీపీటీ విడుదలైన సంగతిని బోర్డు ట్విట్టర్‌లో చూసి తెలుసుకుందని అప్పటి సభ్యురాలు హెలెన్ టోనర్ తర్వాత చెప్పారు. సీఈవోని తీసేస్తున్న సంగతేమో మైక్రోసాఫ్ట్‌కి ప్రకటనకి ఒక్క నిమిషం ముందు తెలిసిందని వార్తలొచ్చాయి. ఒక్క నిమిషంలో ఏం చెయ్యొచ్చు? మంచినీళ్లు తాగొచ్చు.

ఇక్కడ ఓపెన్‌ఏఐ నిర్మాణం గురించి కాస్త చెప్పాలి. గుడి లెక్కలో చెబితే తేలిగ్గా బోధపడుతుంది. 2015 డిసెంబర్‌లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా పెట్టారు. మనిషి స్థాయిలో ఆలోచించే యంత్రమంటూ తయారైతే అది మానవాళి మొత్తానికి మేలు చెయ్యాలని సంకల్పం. అంటే దేవాలయం. దానికో ధర్మకర్తల మండలి. 2019 వచ్చేసరికి దీపాలకి నూనె చాల్లేదు. ఈ దేవుడి దీపాలు కంప్యూటర్లు, నూనె చాలా తాగుతాయి. అందుకని గుడి ఆవరణలోనే ఒక దుకాణం తెరిచారు. లాభాలకి మాత్రం హద్దు పెట్టుకున్నారు. మొదట్లో పెట్టుబడి పెట్టినవాళ్లు, పెట్టినదానికి 100 రెట్లకి మించి తీసుకోకూడదన్నారు. అంతటి నిగ్రహం మునులకే సాధ్యం.

దుకాణంలో సరుకంతా మైక్రోసాఫ్ట్ డబ్బుతో వచ్చిందే. అప్పటికి మొత్తం 1,300 కోట్ల డాలర్ల దాకా అన్నారు. అంత ఇచ్చిన దాతకి ధర్మకర్తల మండలిలో ఒక్క కుర్చీ లేదు. ఇక పూజారి గారు, అంటే ఆల్ట్‌మన్ గారు, నాకు ఈ కంపెనీలో వాటాయే లేదని 2023 మేలో అమెరికన్ సెనేట్ ముందు చెప్పి వచ్చారు. ఆరుగురు సభ్యుల మండలిలో పూజారి గారిని, ఛైర్మన్ గ్రెగ్ బ్రాక్‌మన్‌ని మినహాయిస్తే మిగిలిన నలుగురూ కూడబలుక్కుని ఈ పని చేశారు. బ్రాక్‌మన్‌ని ఛైర్మన్ పదవి నుంచి దించితే ఆయన ఆ సాయంత్రమే ఉద్యోగం కూడా వదిలేశారు. రూలు ప్రకారం నలుగురికీ ఆ హక్కు ఉంది. గుడి తాళాలు వాళ్లవే. కానీ భక్తులు పూజారి వైపు, హుండీ దాత వైపు. తాళాలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లని తెలుగులో వాచ్‌మన్ అంటారు.

ఆదివారం పూజారి గారు గుడికి వచ్చారు, మాట్లాడుకుందామంటే. లోపలికి వెళ్లాలంటే అతిథి బ్యాడ్జి తగిలించుకోవాలి. తను నడిపిన కంపెనీలో తనకే అతిథి బ్యాడ్జి. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని ఫోటో దిగి, ఇలాంటిది వేసుకోవడం ఇదే మొదలు, ఇదే ఆఖరు అని రాసి ఎక్స్‌లో పెట్టారు. ఆ ఫోటోని ప్రపంచమంతా చూసి అయ్యో అంది.

నాకు మాత్రం అమెరికాలో ఉన్న నా మిత్రుడు గుర్తొచ్చాడు. ఆ ఏడాది మొదట్లోనే ఏదో వేరే పెద్ద కంపెనీలో వాడి ఉద్యోగం పోయింది. తెల్లవారుజామున మెయిల్ వచ్చింది, చదవడం పూర్తయ్యేలోపు లాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఆఫీసుకి వెళ్లి వీడ్కోలు చెప్పే యోగం లేదు. డెస్కు మీద ఉండిపోయిన కాఫీ కప్పు, పాప ఫోటో మూడు వారాలకి కొరియర్‌లో వచ్చాయి. కప్పు చెవి విరిగి ఉంది. వీడిది హెచ్1బి ఉద్యోగ వీసా. ఉద్యోగం పోయాక ఆ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు. ఆలోపు ఇంకో కంపెనీ పిలవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. వాడు ఫ్రిజ్ మీద కాలెండర్ తగిలించి రోజుకో గడి కొట్టేసుకుంటూ కూర్చున్నాడు.

ఆల్ట్‌మన్ గారికి కాలెండర్‌లో మూడో గడి కొట్టాల్సిన పని కూడా పడలేదు. ఆదివారం రాత్రి బోర్డు వారు, వీడియో గేములు ప్రసారం చేసే ట్విచ్ సంస్థ మాజీ సీఈవో ఎమ్మెట్ షియర్‌ని కొత్త తాత్కాలిక సీఈవోగా తెచ్చుకున్నారు. శుక్రవారం నుంచి తాత్కాలిక సీఈవోగా ఉన్న మీరా మురాటి రెండు రోజులకే పాతబడిపోయారు. ఈ మార్పు ఇంకా జీర్ణం కాకముందే, అదే అర్ధరాత్రి, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల గారు ఒక పోస్టు పెట్టారు. మనకి అప్పుడు సోమవారం భోజనాల వేళ. ముందురోజు రాత్రే అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో వరల్డ్ కప్ ఫైనల్ ఓడి, అన్నం సయించక కూర్చున్నాం. హైదరాబాద్‌లో చదువుకున్న మనవాడు ఒకడు ఎక్కడో ఏదో గెలిచాడంటే ముద్ద దిగింది. ఏం గెలిచాడో ఎవరూ అడగలేదు.

ఆ పోస్టుని వ్యాకరణ విద్యార్థులు చదవాలి. ఓపెన్‌ఏఐతో మా భాగస్వామ్యానికి కట్టుబడి ఉన్నాం అని మొదటి మాట. ఎమ్మెట్ షియర్ గారితో, కొత్త నాయకత్వంతో పరిచయం పెంచుకోవాలని ఎదురుచూస్తున్నాం అని తర్వాతి మాట. ఆల్ట్‌మన్, బ్రాక్‌మన్ మా దగ్గర చేరుతున్నారు, వాళ్లతో కొత్త ఏఐ పరిశోధన బృందం పెడుతున్నాం అని ఆపై మాట. పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి, నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవించి, పోతూ పోతూ వంటవాళ్లని కారెక్కించుకుపోవడం ఇదే.

సోమవారం మార్కెట్ తెరిచింది. శుక్రవారం పడిన షేరు లేచి, అప్పటిదాకా ఎన్నడూ లేనంత ధర దగ్గర ముగిసింది.

మిత్రుడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, తీసేస్తే ఇలా తీసెయ్యాలిరా" అన్నాడు. వాడి గొంతులో అసూయ లేదు. గొప్ప వంటకాన్ని దూరం నుంచి వాసన చూసినవాడి గౌరవం ఉంది.

అదే మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జనవరి 18న 10,000 మందిని తీసేస్తున్నామని చెప్పింది. కాలం మారింది, కస్టమర్లు ఖర్చు తగ్గించుకుంటున్నారు, మనమూ తగ్గించుకోవాలి అని. సరిగ్గా ఐదు రోజులకి, 23న, ఓపెన్‌ఏఐలో కొన్ని వందల కోట్ల డాలర్లు కొత్తగా పెడుతున్నామని చెప్పింది. అక్టోబర్‌లో దాని చేతిలోనే ఉన్న లింక్డ్‌ఇన్ 668 మందిని పంపించింది. లింక్డ్‌ఇన్ అంటే తెలుసుగా, ఉద్యోగం పోయినవాళ్లు ఫోటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెట్టుకుని "నేను సిద్ధం" అని నిలబడే చోటు. ఆ దుకాణంలో పనిచేసేవాళ్లే దాని గుమ్మం ముందు క్యూలో నిలబడ్డారు. నవంబర్ వచ్చేసరికి మాత్రం ఓపెన్‌ఏఐ నుంచి ఎంతమంది వచ్చినా సరే, ఇప్పుడున్న జీతానికి తగ్గకుండా చోటిస్తామని మైక్రోసాఫ్ట్ టెక్నాలజీ అధికారి బహిరంగంగా రాశారు. ఖర్చు తగ్గించుకోవడం అంటే ఏమిటో ఇప్పుడు నాకు అర్థమైంది. ఒకచోట తగ్గించాలి.

ఇక భక్తుల సంగతి. ఓపెన్‌ఏఐలో ఉన్న దాదాపు 770 మందిలో 700 మందికి పైగా ఒక ఉత్తరం మీద సంతకాలు చేశారు. బోర్డు దిగిపోవాలి, ఆల్ట్‌మన్ తిరిగి రావాలి, లేకపోతే మేమూ మైక్రోసాఫ్ట్‌కి పోతాం, మాకందరికీ అక్కడ చోటుందని మాట కూడా ఇచ్చారు అని. త్యాగాల చరిత్రలో ఇదొక కొత్త అధ్యాయం. బండి స్టార్ట్ చేసి పెట్టుకుని అలగడం. ఎక్స్ నిండా హృదయాల ఎమోజీలు, మనుషులు లేకపోతే ఓపెన్‌ఏఐ లేదు అన్న ఒకే వాక్యం. కంపెనీ విలువని 8,600 కోట్ల డాలర్లుగా కట్టి ఉద్యోగుల వాటాలు కొనే ఒప్పందం ఒకటి అప్పటికే తయారవుతోందన్నది వేరే విషయం. హృదయం ఎడమవైపు ఉంటుంది. చొక్కా జేబు కూడా ఎడమవైపే.

ఆ సంతకాల్లో సుట్స్‌కెవర్‌ది కూడా ఉంది. శుక్రవారం కాల్‌లోకి పిలిచినాయనే. బోర్డు చేసిన పనిలో పాలుపంచుకున్నందుకు ఎంతో చింతిస్తున్నానని సోమవారం రాసి, బోర్డు సభ్యులంతా రాజీనామా చెయ్యాలన్న ఉత్తరం మీద సంతకం పెట్టారు. ఆయన బోర్డు సభ్యుడు. తన రాజీనామాని తానే గట్టిగా డిమాండ్ చేసిన నాయకుడు నాకు తెలిసి ఇంకొకరు లేరు.

ఒక్క మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. ఇలా చేస్తే కంపెనీయే నాశనమైపోతుందయ్యా అంటే, అలా నాశనం కావడం కూడా సంస్థ ఆశయానికి తగినదే కావచ్చని బోర్డు వాళ్లు అన్నారని ఆ ఉత్తరంలో ఫిర్యాదు ఉంది. అందరూ నవ్వారు. నాకెందుకో, ఆ ఐదు రోజుల్లో సంస్థ పత్రాన్ని చదువుకుని మాట్లాడిన మాట అదొక్కటే అనిపించింది. గుడి మూతబడినా దేవుడికి నష్టం లేదని ధర్మకర్తలు అనొచ్చు. కానీ దుకాణం తెరిచాక అనకూడదు.

మంగళవారం రాత్రికి ఒప్పందం కుదిరింది. పూజారి వెనక్కి వచ్చారు. ఆయన్ని తీసేసిన నలుగురిలో ముగ్గురు మండలి నుంచి పోయారు, ఆడమ్ డీఏంజెలో ఒక్కరు మిగిలారు. కొత్తగా సేల్స్‌ఫోర్స్ కంపెనీ మాజీ సహ సీఈవో బ్రెట్ టేలర్, అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారీ సమ్మర్స్ వచ్చారు. షియర్ గారు దాదాపు 72 గంటలు పాలించి, ఈ ఫలితం నాకెంతో సంతోషంగా ఉందని చెప్పి సెలవు తీసుకున్నారు. తన పదవి పోయినందుకు సంతోషించిన సీఈవోగా ఆయనకి నా నమస్కారం. తర్వాత ఒక లా ఫర్మ్ 30,000కి పైగా పత్రాలు తిరగేసి, పరస్పర నమ్మకం దెబ్బతిన్న మాట వాస్తవమే, కానీ తీసెయ్యాల్సినంత పని ఆయన చెయ్యలేదని 2024 మార్చిలో తేల్చింది.

మరి మైక్రోసాఫ్ట్‌లో ఇచ్చిన ఉద్యోగం? దానికి ఒక్క పూట కూడా ఎవరూ వెళ్లలేదు. వెళ్లాల్సిన పనీ లేదు. కొన్ని ఉద్యోగాలు చెయ్యడానికి, కొన్ని చూపించడానికి. వేరే సంబంధం సిద్ధంగా ఉందని చెబితే కట్నం లెక్కలు ఎలా మారతాయో పెళ్లిళ్ల పేరయ్యని అడిగినా చెబుతాడు. నాదెళ్ల గారికి కూడా ఆయన రాకపోతే నష్టం లేదు. రేపు ఓపెన్‌ఏఐ మాయమైపోతే మీ పరిస్థితేమిటని ఆ సోమవారమే ఒక ఇంటర్వ్యూలో అడిగితే, మా దగ్గర హక్కులున్నాయి, మనుషులున్నారు, కంప్యూటర్లున్నాయి, మేం వాళ్ల కింద ఉన్నాం, పైన ఉన్నాం, చుట్టూ ఉన్నాం అన్నారు. ఈ స్తంభంలో ఉన్నాడా అని అడిగిన హిరణ్యకశిపుడికి కూడా ఇంత వివరంగా అడ్రస్ చెప్పలేదు.

నెలాఖరులో దాతకి బోర్డులో ఒక కుర్చీ వేశారు. కూర్చోవచ్చు, వినొచ్చు, ఓటు లేదు. 2024 జూలైలో దాత ఆ కుర్చీని కూడా తనే ఖాళీ చేసి ఇచ్చేశాడు. కిందా పైనా చుట్టూ ఉన్నవాడికి మధ్యలో కుర్చీ దేనికి?

మా మిత్రుడికి 54వ గడి దగ్గర ఉద్యోగం దొరికింది, పాత జీతానికి కాస్త తక్కువలో. ఆల్ట్‌మన్ గారి ఫోటో చూసిన రోజు వాడు తన ఫోన్‌లోంచి పాత ఫోటో ఒకటి వెతికి నాకు పంపాడు. కొత్త ఆఫీసులో మొదటిరోజు, ఐడీ కార్డు తయారు కాలేదని వాడికీ విజిటర్ బ్యాడ్జే ఇచ్చారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్నాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు రిసెప్షన్‌లో తిరిగి ఇచ్చెయ్యాలని చెప్పారట. మర్చిపోయి ఇంటికి తీసుకెళ్లిపోతానేమోనని రోజంతా ఒకటే టెన్షన్ అన్నాడు.