తెల్లరబ్బరు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ తెల్లరబ్బరు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అనంతపురంలో మేము క్షేమం. తమరు కూడా నా బల్ల మీద పొట్టు రాలుస్తూ క్షేమంగానే ఉన్నారు, చూస్తూనే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం తమరు చేసిన ఉపకారం గురించే ఈ విన్నపం. అమ్మ ధర్మవరం పట్టుచీర కొంగును పెన్సిలుతో గీస్తున్నాను కదా. అంచులో లత, లేపాక్షి స్తంభాల మీంచి దిగివచ్చిందని చెప్పుకునే రకం. దాని పైన మామిడిపిందెల వరుస. వంకాయరంగు పట్టుకు హెచ్‌బి, మడతల నీడకు 4బి. జరీకి మాత్రం ఏ పెన్సిలూ లేదు. జరీ అంటే ముట్టకుండా వదిలిన కాగితమే. చుట్టూ పోగు పక్కన పోగుగా నలుపు పేర్చుకుంటూ వస్తే, మిగిలిన ఆ సన్నటి తెలుపు తనంతట తానే మెరుస్తుంది. దాని కోసం ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాను.

పిందె తోక దగ్గర పెన్సిలు వెంట్రుకవాసి జారింది. తమరిని పిలిచాను, వచ్చారు. జారిన గీత అలాగే ఉంది. పిందె, దాని జరీ, ఇరుగుపొరుగు పిందెలు మాత్రం కలిసి బూడిదరంగు మబ్బయ్యాయి.

కరెంటు పోయినా సహించాను. ములికి మింగే షార్ప్‌నర్‌నూ, ఎండకు కాగితానికి అతుక్కునే అరచేతినీ, “ఫొటో తీస్తే సరిపోయేది కదా” అనే మా బావనూ సహించాను. కానీ ఒంటి మీద “మరక పడదు, పొట్టు రాలదు” అని అచ్చు వేయించుకుని తిరుగుతావా? సిగ్గు లేదూ? 1770లో మీ తాత ఇంగ్లండు అంగట్లోకి వచ్చేదాకా పెన్సిలు గీతలను రొట్టె మెత్తనతోనే చెరిపేవాళ్లు. ఆ కొలువు మళ్లీ రొట్టెకే ఇప్పిస్తాను. మా జొన్నరొట్టె బిరుసే కావచ్చు, అబద్ధాలు మాత్రం ఆడదు.

పారేద్దామనే చేతిలోకి తీసుకున్నాను. కానీ కొత్తగా కోసిన నీ మొనతో, బాగా నల్లబడ్డ మడత మీద ఒక్కసారి సుతారంగా లాగితే జరీపోగు లాంటి తెల్లగీత లేస్తుంది. పాడుదానా, ఆ విద్య నీకు తప్ప ఇంకెవరికీ రాదు.

బ్లేడు తెచ్చాను. ఒక మూల వాలుగా కోసి నా డబ్బాలో దాచుకుంటాను. మిగతా దేహం మా అబ్బాయి లెక్కల పుస్తకానికి దానం. వాడు పేజీ చిరిగేదాకా రుద్దుతాడు.