మహారాజశ్రీ కండిషన్ రిపోర్ట్ వారికి

వేలానికి వచ్చిన కారు ఏ స్థితిలో ఉందో చెప్పే పత్రమైన మహారాజశ్రీ వేలంపాట కండిషన్ రిపోర్ట్ వారి సముఖానికి, పాత లగ్జరీ కారు మీద మనసుపడి పాటకు వచ్చే వేలాది మందిలో ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలానికి ఏనాడూ లోటు రాదని నాకు తెలుసు. కారు ఎలా ఉన్నా, దాన్ని పాడుకున్నవాడు ఏమైపోయినా, మీ చివరి పేజీ అడుగున కళ్ళజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాల్లో ఉండే ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే అమ్మబడును’ అన్న వాక్యం మిమ్మల్ని కంటికి రెప్పలా కాపాడుతూనే ఉంటుంది.

ముందుగా మీ వాక్చాతుర్యాన్ని మెచ్చుకుని తీరాలి. ‘పెయింటులో వయసుకు తగిన అరుగుదల కలదు’ అని మీరు రాసినప్పుడు అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండదు, పనికొచ్చే ముక్క కూడా ఒక్కటీ ఉండదు. కురుక్షేత్రంలో ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని బిగ్గరగా పలికి, ‘కుంజరః’ అన్న మాటను మాత్రం గొణిగినందుకే, అంతవరకూ నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం కిందికి దిగిపోయిందంటారు. మీరు మొదటి పేజీలో ‘ముత్యపు తెలుపు రంగు, తోలు సీట్లు, పనోరమిక్ సన్‌రూఫ్’ అని లావుపాటి అక్షరాల్లో పలికి, నాలుగో పేజీ మూలన ‘కుడి వెనుక భాగానికి గతంలో రంగు వేసి ఉండవచ్చు’ అని గొణుగుతారు. అయినా మీ రథం ఒక్క అంగుళమైనా దిగిన దాఖలా లేదు. పెయింటు మందాన్ని కొలిచి రంగు వేశారో లేదో నిమిషంలో తేల్చే మీటరు మీ ఇన్‌స్పెక్టరు గారి జేబులోనే ఉండగా, ‘ఉండవచ్చు’ అని సందేహించడానికి ఎంత వినయం కావాలి!

మీ ఫోటోలు మరొక కళాఖండం. కారును కడిగి, ఇంకా తడి ఆరకముందే, నీడలో నిలబెట్టి, పది అడుగుల దూరం నుంచి తీస్తారు. నీటిపొర నిండి ఉన్నంతసేపూ సన్నటి గీతలు కంటికి ఆనవు. ఆరిన తర్వాత ఆనుతాయి గానీ, అప్పటికి సుత్తి దెబ్బ పడిపోయి ఉంటుంది. కొందరు అమ్మకందారులు నీటిని కూడా నమ్ముకోకుండా, గీతల్లో నూనె, మైనం నింపి మెరుపు తెప్పించే పాలిష్‌తో రుద్దించి పంపుతారు. ఆ మెరుపు నాలుగైదు కడుగుళ్ళతో కొట్టుకుపోయి, ఎండలో బానెట్ మీద సాలెగూడులాంటి వలయాలు మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. అదృష్టం బాగాలేకపోతే, తిరిగే పాలిష్ మెషిన్‌ను చేతకానివాడు పట్టిన చోటల్లా మనతోపాటు కదిలే హోలోగ్రామ్ చారలు కూడా దర్శనమిస్తాయి. వీటిని మీరు ‘స్వల్ప గీతలు’ అన్న పద్దులో కలిపేస్తారు. తాళం చెవితో లోహం తేలేదాకా గీసిన గీత, గుడ్డతో తుడిచినప్పుడు పడిన గీత మీ దృష్టిలో ఒకటే కావడం సమదర్శనానికి పరాకాష్ఠ.

మీకు తెలియక కాదు, మీరు రాయరు గనుక నేను రాస్తున్నాను. ఫ్యాక్టరీలో కారు బాడీ మీద ముందు విద్యుత్ సాయంతో పట్టించే తుప్పు నిరోధక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ మీద రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. మనిషి తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, మనం లక్షణంగా మురిసిపోయే ఆ సౌందర్యమంతా రెండు వెంట్రుకల మందం. అందులో అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడే క్లియర్ కోట్ వాటా ఇంచుమించు 40, 50 మైక్రాన్లే. గీతలను అరగదీసే గట్టి కాంపౌండుతో రుద్దిన ప్రతిసారీ అందులోంచే కొన్ని మైక్రాన్లు పోతాయి. కాబట్టి ‘ప్రొఫెషనల్ డిటెయిలింగ్ చేయబడినది’ అని మీరు సగర్వంగా రాసినప్పుడు, ఎంత రుద్దారు, ఇంకా ఎంత మిగిలింది అన్న ప్రశ్న నాలాంటి చాదస్తులకు పుడుతుంది. చివరి మైక్రాన్లదాకా మెరుపు పిండుకున్న కారు పైకప్పు మీద కొన్ని వేసవులు గడిచేసరికి క్లియర్ కోట్ తెల్లబారి పొరలుపొరలుగా లేవడం మొదలవుతుంది. అది పాలిష్‌తో పోయేది కాదు, గీకేసి మళ్ళీ రంగు వేయాల్సిందే.

ఇక మీటరు సంగతి. ముందు డోరు మీద ఆనిస్తే 118 మైక్రాన్లు, కొంచెం పక్కన 124, కిందికి జరిపితే 121 అని మర్యాదగా పలికే ఆ చిన్న పరికరం, వెనక డోరు మీదికి రాగానే 290 అని, వెనక చక్రం పైవంపు దగ్గర 900 దాటి పలికిందనుకోండి. 290 అంటే ఆ డోరుకు మళ్ళీ రంగు పడింది. 900 అంటే అక్కడ రంగు కింద పుట్టీ ఉంది, పుట్టీ కింద సొట్ట ఉంది, సొట్ట వెనక ఒక కథ ఉంది. డోరు చుట్టూ ఉండే రబ్బరును కొద్దిగా ఎత్తి గోటితో తడిమితే, మాస్కింగ్ టేపు అంచున రంగు ఆగిపోయిన సన్నటి మెట్టు తగులుతుంది. కళ్ళకు కనిపించని ఆ మెట్టు గోటికి దొరుకుతుంది. రబ్బరు అంచు మీద తుంపరలుగా పడ్డ రంగు, రంగులో చిక్కుకుపోయిన ధూళి కణం, ఫెండర్ బోల్టు తల మీద పానా జారి చెక్కుకుపోయిన పెయింటు – ఇవన్నీ మీ పేజీల కంటే స్పష్టంగా మాట్లాడతాయి.

అలాగని మళ్ళీ రంగు వేయడమే మహాపాపమని నేననడం లేదు. కొత్త కారుకే రవాణాలో గీత పడితే షోరూముకు చేరకముందే టచప్ చేయడం లోకంలో ఉన్నదే. ఫ్యాక్టరీలో ఒట్టి బాడీని 140 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. వైర్లు, ప్లాస్టిక్, ఎలక్ట్రానిక్స్ అన్నీ బిగించిన కారును అంత వేడిలో పెట్టలేరు కాబట్టి, బయటి పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరే వేరే రకం పెయింటు వాడతారు. ఓపికగా చేస్తే అది కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వేలం తేదీ తరుముతుంటే చేసిన పనితోనే వస్తుంది చిక్కు. పెయింటులో కలిపిన ద్రావకం (సాల్వెంట్) పూర్తిగా ఆరిపోకముందే మెరుపు తెప్పించిన ప్యానెల్, పాట రోజున అద్దంలా ఉండి, కొన్ని వారాలకు కుంచించుకుని, అడుగున ఎమెరీ కాగితంతో రుద్దిన గీతలన్నిటినీ పైకి తేలుస్తుంది. అప్పటికి మీ ఫిర్యాదుల గడువు ఏనాడో ముగిసి ఉంటుంది.

లగ్జరీ కారన్నాక దాని రంగు కష్టాలు కూడా లగ్జరీగానే ఉండాలి కదా. 1994లో వచ్చిన ఆడి ఏ8, 2003 మోడల్ జాగ్వార్ ఎక్స్‌జే, 2012లో వచ్చిన రేంజ్ రోవర్ వంటివి అల్యూమినియం బాడీలు. జేబులో అయస్కాంతం వేసుకుని వచ్చి పుట్టీని పట్టేస్తాననుకునే పాతకాలపు పెద్దమనిషి వీటి ముందు తెల్లబోవలసిందే. అల్యూమినియాన్ని చదవగలిగే మీటరు వేరు. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు ఏదైనా మౌనవ్రతమే, అంటే అందరికంటే ఎక్కువ దెబ్బలు తినే భాగం గురించే సాక్షి నోరు విప్పడు. అల్యూమినియం మీద పెయింటు పొక్కులు లేచి లోపల తెల్లటి పొడి కనిపిస్తే, అది ‘పెయింటు బుడగ’ కాదు, లోహం తినేసుకుపోతోందన్నమాట. దాన్ని బాగుచేసేవారు ఇనుప రజను తగలకుండా పనిముట్లను, చోటును కూడా వేరుగా ఉంచుకోవాలి. ముత్యపు రంగుకు అడుగు రంగు, ముత్యపు పొర, క్లియర్ కోట్ అని మూడు దశలు ఉంటాయి. ఒక్క డోరుకు వేసి వదిలేస్తే పక్క డోరుతో కలవదు గనుక, నేర్పరి పెయింటరు పక్క ప్యానెళ్ళలోకి కూడా రంగును పలచగా సాగదీసి కలుపుతాడు. నేర్పు లేనివాడు వేసిన రంగు వేలం షెడ్డు దీపాల కింద ఒకే కారులా కనిపించి, పొద్దుటి ఎండలోకి రాగానే ముందు సగం ఒక కారు, వెనక సగం మరొక కారు అవుతుంది.

మెరుపు లేకుండా తయారుచేసే మ్యాట్ ఫినిష్ కార్ల దగ్గరైతే మీ ప్రతిభ పతాకస్థాయికి చేరుతుంది. మామూలు కారులో మెరుపు లేని చోటు లోపమైతే, ఇక్కడ మెరుస్తున్న చోటే లోపం. దాన్ని పాలిష్ చేయకూడదు, చేస్తే మరింత మెరుస్తుంది. గీత పడితే ప్యానెల్ మొత్తానికి మళ్ళీ రంగు వేయడం తప్ప దారి లేదు. ఎవరో మహానుభావుడు తెలియక రుద్దినందువల్ల డోరు హ్యాండిల్ చుట్టూ నిగనిగలాడుతున్న మచ్చను మీరు ‘ఆకర్షణీయమైన మెరుపు’ అని రాయకుండా వదిలేసినందుకు కృతజ్ఞతలు. పారదర్శక రక్షణ ఫిల్మ్ అంటించిన కార్లది మరో తమాషా. ఆ ఫిల్మే 150, 200 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, దాని మీద మీటరు పెడితే అసలు రంగు కూడా రిపేరు రంగులాగే చదవబడుతుంది. మీరు ‘ఫిల్మ్ కలదు’ అని గుణాల జాబితాలో చేర్చి ఊరుకుంటారు. దాన్ని పీకినప్పుడు, సరిగా పట్టని రిపేరు రంగు కూడా దాంతోపాటే ఊడివస్తే, ఫిల్మ్ పోయిందని ఏడవాలో రంగు పోయిందని ఏడవాలో తెలియదు.

జపాన్‌లో మీ పెదనాన్న కొడుకు ఉన్నాడు, వేలం షీట్ అంటారు. కారును విప్పి పరిచినట్టు బొమ్మ గీసి, గీత ఉన్నచోట ‘ఏ’, సొట్ట ఉన్నచోట ‘యూ’, రిపేరు చేసినా అలలాంటి ఎగుడుదిగుడు మిగిలిన చోట ‘డబ్ల్యూ’, మార్చిన ప్యానెల్ మీద రెండు ‘ఎక్స్’లు వేసి, ఎంత పెద్దదో చెప్పడానికి పక్కనే ఒకటో రెండో మూడో అంకె రాస్తాడు. ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన కారైతే గ్రేడు దగ్గర మొహమాటం లేకుండా ‘ఆర్’ అని పెడతాడు. అంత మోటుగా మాట్లాడే బంధువు ఉన్నందుకు మీరు సిగ్గుపడుతూ ఉంటారని నాకు తెలుసు. ఆయన దగ్గర విశేషణాలు బొత్తిగా లేవు.

మీ విశేషణాల అసలు మహిమ తెలియాలంటే ప్రాచీన కార్ల వేలాలకు వెళ్ళాలి. 2015 ఫిబ్రవరి 6న పారిస్‌లో బాయోన్ సేకరణ అనే పాత కార్ల వేలంలో, పశ్చిమ ఫ్రాన్స్‌లో ఏళ్ళ తరబడి పాత పత్రికల కట్టల కింద పడి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒక కోటి 60 లక్షల యూరోలకు పైగా పలికింది. దాని మీద పేరుకున్న దుమ్మును తుడవడం కూడా మహాపరాధమన్నట్టు అలాగే ప్రదర్శించారు. ఆ లోకంలో మాసిపోయిన అసలు పెయింటుకు ‘పాటినా’ అని పేరు, కొత్త రంగు వేస్తే విలువ పడిపోతుంది. అదే మాసిన రంగు పన్నెండేళ్ళ సెడాన్ మీద ఉంటే ‘కాస్మెటిక్ లోపం’. దుమ్ములో తేడా ఏమీ లేదు. పాటదారులు అరుదైన కారు కోసం తమంతట తామే కళ్ళు మూసుకుంటారు, మామూలు కారు కోసం మీరు మూయిస్తారు.

మూయించడం అన్నది నిష్ఠూరంగా అనిపిస్తే లెక్క చూడండి. 1971లో ముగ్గురు అమెరికన్ పెట్రోలియం ఇంజనీర్లు చమురు లీజుల వేలాలను పరిశీలించి, ఇలాంటి పోటీలో గెలిచేది తరచుగా సరుకు విలువను అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడేనని వివరించారు. మన షెడ్డుకు అన్వయిస్తే, వెనక డోరు 290ను చూసినవాడు ఒక మెట్టు దగ్గర ఆగిపోతాడు, చక్రం పైన 900ను చూసినవాడు ఇంకా ముందే ఆగిపోతాడు, ఏమీ చూడకుండా మీ మొదటి పేజీని మాత్రమే చదివినవాడు చివరిదాకా పాడి కారును దక్కించుకుంటాడు. ఆ పైన వేలం సంస్థకు అదనంగా చెల్లించే కొనుగోలుదారు ప్రీమియం కూడా కడతాడు. కారు ధర ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ, మూడు పొరల ముత్యపు రంగు వేయించే కూలి మాత్రం అది కొత్తగా ఉన్నప్పటి హోదాను మరచిపోదు. అందుకే పాటలో చవకగా పలికిన కారు పెయింటు షాపులో పూర్వవైభవాన్ని తిరిగి పొందుతుంది.

నాకు లోపాల మీద కోపం లేదని మీకు విన్నవించుకోవాలి. లక్ష కిలోమీటర్లు హైవేల మీద తిరిగిన కారు బానెట్‌కు రాళ్ళ దెబ్బలు ఉండటమే న్యాయం. ఆ చుక్కలు ఉంటే ధైర్యంగా పాడతాను. ముందు అద్దం నిండా గులక దెబ్బలుండి, బానెట్ మాత్రం నిన్న పుట్టినట్టు నునుపుగా ఉన్నప్పుడే నా చెయ్యి కిందికి దిగుతుంది.

కాబట్టి తమరిని కోరేది పెద్దది కాదు. ప్రతి ప్యానెల్‌కు మీటరు చూపిన అంకెలు రాయండి, ఆరిన కారును పక్కవాటుగా పడే వెలుతురులో ఫోటో తీయండి, ఫిల్మ్ ఉంటే ఏయే భాగాల మీద ఉందో చెప్పండి, మీటరు పలకని భాగాల దగ్గర ‘పలకలేదు’ అని రాయండి. ఇదంతా చేస్తే అమ్మకందారులు మరో వేలానికి వెళ్ళిపోతారని మీరు భయపడవచ్చు. భయపడటం సహజమే, మీకు జీతమిచ్చేది వారే గదా. అంతవరకూ నేను టార్చిలైటు, మీటరు, గోళ్ళు వెంట తెచ్చుకుని, మీరు ఇచ్చే పదిహేను నిమిషాల దర్శనంలోనే డోరు రబ్బర్లు ఎత్తి చూస్తుంటాను. కాపలాదారు వద్దని అదిలిస్తే, వయసుకు తగిన కుతూహలం కలదని రాసుకోమనండి.

ఇట్లు,
తమ విధేయుడైన పాటదారు

తా.క.: ఈసారి కారుతోపాటు వచ్చే వస్తువుల జాబితాలో రెండో తాళం చెవి, సర్వీసు పుస్తకం, స్టెప్నీతోపాటు ‘అదే రంగు టచప్ పెన్ను, సగం వాడినది’ అని కూడా రాశారు. మీ నిజాయితీకి ముగ్ధుణ్ణయ్యాను. ఆ మిగతా సగం కారు మీద ఎక్కడుందో కూడా ఒక వాక్యంలో తెలియజేయగలరు.