మున్నార్ ఆడవాళ్లు యూనియన్ నాయకుల్ని ఎందుకు తరిమేశారు?

2015 సెప్టెంబర్‌లో కేరళలోని మున్నార్ తేయాకు తోటల సమ్మె గుర్తుందా? 20 శాతం బోనస్ ఇవ్వాల్సిందేనని ఆడకూలీలు కొచ్చి-ధనుష్కోడి హైవే మీద బైఠాయించారు. సంఘీభావమంటూ వచ్చిన యూనియన్ నాయకుల్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, సీఐటీయూ, అందరికీ ఒకటే మర్యాద. ‘పెంబిళై ఒరుమై’ (ఆడవాళ్ల ఐక్యత) పేరుతో తామే చర్చల్లో కూర్చుని 20 శాతం సాధించుకున్నారు.

వాళ్ల కోపం ఊరికే రాలేదు. జలగలు పట్టే కొండవాలు మీద పొద్దంతా నిలబడి ఆకు కోసేది దాదాపు అందరూ ఆడవాళ్లే, అప్పట్లో రోజు కూలీ 232 రూపాయలు. ఆ కూలీ ఎంతో తేల్చే బల్ల దగ్గర మాత్రం ఒక్క కిలో ఆకు కూడా కోయని మగ నాయకులు. పైగా వాళ్లు కంపెనీతో కుమ్మక్కయ్యారని ఆ ఆడవాళ్లే బాహాటంగా ఆరోపించారు.

ఇలా ఆడ, మగ అని చీలిస్తే కార్మిక ఐక్యత దెబ్బతింటుందని పెద్దలంటారు. పెంబిళై ఒరుమై కూడా తర్వాత చీలికలతో నీరసించిన మాట నిజమే. అయితే సగం మందిని నోరెత్తనివ్వకుండా నిలబెట్టిన ఐక్యత ఎవరికి ఐక్యత?

ఆడవాళ్లు గట్టిగా నిలబడరు, తొందరగా రాజీపడతారు అనే మాట కూడా వింటుంటాం. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. కేంద్రాల తాళాలు పగలగొట్టినా, సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా, ఉద్యోగాలు పీకేస్తామన్నా కదల్లేదు. ఇంతకంటే గట్టిగా ఎలా నిలబడాలో ఆ మాటలనే వాళ్లే చెప్పాలి.

నన్నడిగితే అసలు రోగం ఇంట్లో ఉంది. యూనియన్ మీటింగ్ సాయంత్రం ఏడింటికి పెడతారు, అప్పుడు ఆమె పొయ్యి దగ్గరుంటుంది, పిల్లాడి హోంవర్కు, అత్తగారి మందులు అన్నీ ఆమెవే. ఆమె రాలేదు కాబట్టి కమిటీలో పేరుండదు, కమిటీలో లేదు కాబట్టి చర్చలకు పిలవరు, చివరికి ఆడవాళ్లకు ఆసక్తి లేదండీ అని తేల్చేస్తారు. శ్రమ దోపిడీ మీద గంటసేపు దంచికొట్టిన నాయకుడు ఇంటికెళ్లి వడ్డించిన కంచం ముందు కూర్చుంటాడు, ఆ వంట ఆయన లెక్కలో శ్రమ కాదు మరి.

మీటింగ్ మధ్యాహ్నం భోజనం వేళకు మార్చండి, చర్చల కమిటీలో ఆడవాళ్లకు సభ్యత్వం లెక్కన సీట్లివ్వండి. వీటికి ఏ యాజమాన్యాన్నీ ఒప్పించక్కర్లేదు, యూనియన్ ఆఫీసులో ఈ వారమే తేల్చేయొచ్చు.