గుడ్డముక్కల నుంచి ప్రభుత్వాలను కాపాడండి

ప్రభుత్వాల దగ్గర తుపాకులున్నాయి, లాఠీలున్నాయి, బాష్పవాయువు ఉంది. ఎదుటివాడి దగ్గర ఒక అట్టముక్క, దానికో కర్ర. ఇంత అన్యాయమైన పోరాటంలో పాపం ప్రభుత్వాలు ఎంత నలిగిపోతున్నాయో ఎవరికీ పట్టడం లేదు. వాటి తరఫున ఒక చట్టం ముసాయిదా రాద్దామని నేనే కూర్చున్నాను.

ముందు ఫ్రాన్స్ సంగతి. ప్రతి కారులోనూ మెరిసే జాకెట్ ఒకటి ఉండాలని, లేకపోతే జరిమానా అని 2008లో అక్కడ రూలు పెట్టారు. జనం బుద్ధిగా పసుపు జాకెట్లు కొనుక్కున్నారు. పదేళ్ళు కార్లలో పెట్టుకుని తిరిగారు. 2018 నవంబరులో, ఇంధనం మీద పన్ను పుణ్యమా అని, అవే తొడుక్కుని రోడ్డెక్కారు. అంతమందికి యూనిఫాం కుట్టించడం ఏ ఉద్యమ నాయకుడి తరం? ఖర్చు జనానిది, ఐడియా ప్రభుత్వానిది. చీకట్లో కూడా దూరం నుంచి కనిపించాలన్న షరతు కూడా ప్రభుత్వానిదే. ఒక చట్టం ఇంత చక్కగా అమలు కావడం నేనింకెక్కడా చూడలేదు.

కాబట్టి సెక్షన్ ఒకటి: ప్రజలకు ఒకే రంగు బట్టలు ఎప్పుడూ కొనిపించరాదు. సెక్షన్ రెండు: గొడుగులకు లైసెన్సు ఉండాలి. 2014లో హాంకాంగ్ జనం పెప్పర్ స్ప్రేకి గొడుగు అడ్డం పెట్టారు, చివరికి ఉద్యమానికే గొడుగు పేరు వచ్చింది.

సెక్షన్ మూడు, ప్లకార్డులు. 1968లో మెంఫిస్‌లో సమ్మె చేసిన నల్లజాతి పారిశుధ్య కార్మికులు 'నేను మనిషిని' అన్న ఒక్క మాట మెడలో వేసుకుని నడిచారు. దానికి ఏమని జవాబు చెప్పాలి? కాదనలేం, ఔనంటే జీతం పెంచాలి. అందుకే ఇకపై ప్రతి ప్లకార్డు మీదా కనీసం రెండువందల పదాలు, అనుబంధాలతో సహా ఉండాలి. అప్పుడు ఎవరూ చదవరు.

అర్జెంటీనా తల్లుల గురించి కూడా ఒక సెక్షన్ రాయాలనుకున్నాను. 1977లో, సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం వాళ్ళు చౌకులోకి వచ్చారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరేనని గుండ్రంగా నడవడం మొదలుపెట్టారు. తలకు కట్టుకున్న తెల్లగుడ్డలు మొదట్లో పసిపిల్లలకు కట్టేవి. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ముందుకు పోదాం.

రాతలతోనే కదా గొడవ, అసలు ఏమీ రాయకపోతే? 2022 నవంబరులో చైనాలో ఆ పనీ చేశారు. తెల్ల కాగితం పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అక్షరం లేదు, బొమ్మ లేదు. గుమ్మడికాయల దొంగ అనేవాడెవడూ లేకుండానే అధికారులు భుజాలు తడుముకున్నారు. అందుచేత సెక్షన్ నాలుగు: ఖాళీ కాగితం నేరం.

మిగిలింది ఒక్కటే దారి, బట్టలే లేకుండా చేయడం. అదీ కుదిరేలా లేదు. 1921లో మదురైలో గాంధీ ఉన్న బట్టలు తగ్గించుకుని కొల్లాయి కట్టాడు. పదేళ్ళకు అదే కొల్లాయితో లండన్‌లో రాజుగారింటికి టీకి వెళ్ళాడు. కడితే ఒక గొడవ, విప్పితే ఇంకో గొడవ.

అందుకే సెక్షన్ అయిదు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. సరే, ఆ పేజీ ఖాళీగా వదిలేద్దామనుకుంటే, సెక్షన్ నాలుగు గుర్తొచ్చింది.