బతిమాలడం, లంచాలివ్వడం ఆపి చూడండి

తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లలకు ఎలా తినిపించాలో చెప్పిన ఈ వ్యాసంలో మిగతాదంతా బాగానే ఉంది కానీ, కూర తింటే చాక్లెట్ ఇస్తామని ఆశ పెట్టమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించొద్దు. అలా చేస్తే పిల్లలకు చాక్లెట్ మీద మోజు ఇంకా పెరుగుతుంది, కూరేమో దానికోసం భరించాల్సిన శిక్షలా తయారవుతుంది. 2 నుంచి 6 ఏళ్ల మధ్య కొత్త తిండి అంటే బెదురు ఉండటం మామూలే, అది మొండితనం కాదు. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి 10, 15 సార్లు పెట్టాల్సి రావచ్చు, మనమేమో రెండు మూడు సార్లకే మా వాడికి ఇది నచ్చదని తేల్చేస్తాం. ఇష్టంగా తినేదాని పక్కనే కొత్తది ఒక్క ముక్క పెట్టి, మనమూ అదే తింటూ, తినలేదా అని అడగకుండా ఊరుకోవాలి. వాసన చూసినా, నాకి వదిలేసినా అది ముందడుగే.

ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలి పద్ధతి నాకు బాగా నచ్చింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. వినడానికి తేలికే, అమ్మలకు మాత్రం ఆ రెండోది వదిలేయడం చాలా టెన్షన్.

ఇంకోటి, పాలు. ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించి తాగితే కడుపు నిండిపోయి అన్నం దగ్గర నోరు తెరవరు, ఐరన్ కూడా తగ్గుతుంది. బరువు పెరగకపోయినా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.